లెక్కకు ముందరి లెక్క



మలేషియాలో పేరాక్, బెర్నామ్ నదుల నడుమ, సముద్రమట్టమునకు ఇంచుమించు సమానముగా పరచుకొనియున్న ఈ పల్లపు నేలకు, ఒకానొకప్పుడు విశాఖ, గోదావరి ప్రాంతముల నుండి ఓడలెక్కి వచ్చి, కొబ్బరితోటలలో చెమటోడ్చి, తోటలోని బడిలోనే తమ పిల్లలకు అ ఆలు దిద్దించిన మన పెద్దల మునిమనుమలు నేడు సుంగై సుమున్ చుట్టుపట్ల ఫారం ఫోర్, ఫారం ఫైవ్ తరగతులలో భౌతికశాస్త్రము చదువుచున్నారు. ఈ పిల్లలను గూర్చి ఇండ్లలో తరచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి కలదు: "మావాడికి సూత్రములన్నియు నోటికి వచ్చును, లెక్క మాత్రము రాదు." నాకీ మాట వినినపుడెల్ల కొంచెము ఆశ్చర్యమే కలుగును. ఏలయన, ఫారం ఫైవ్ ముగింపున వచ్చు ఎస్.పి.ఎం. పరీక్షయందు భౌతికశాస్త్ర ప్రశ్నపత్రముతో పాటే కావలసిన సూత్రముల పట్టికను అచ్చువేసి విద్యార్థి చేతికిత్తురు. ధారణాశక్తికి అక్కడ పనియే లేదు. పట్టిక కన్నులయెదుట నుండగా లెక్క తేలలేదన్నచో, ఆ లెక్క సూత్రమునకు చాల ముందే ఎక్కడనో చిక్కుపడినదని తెలిసికొనవలెను. ఈ పూట నేను ఆ ముందరి చోటును గూర్చి మాటలాడదలచితిని. వినువారు ఒక కాగితమును, పెన్సిలును దగ్గర నుంచుకొన్నచో మేలు.

మన ఊరి లెక్కతోనే ఆరంభింతము. ఇరువది మీటర్ల ఎత్తు కొబ్బరిచెట్టు నుండి ఒకటిన్నర కిలోగ్రాముల కాయ యొకటి ముచ్చిక ఊడి జారిపడినది. నేలను తాకు క్షణమున దాని వేగమెంత? ఇంతే ప్రశ్న. పట్టికను ముందు పెట్టుకొనిన పిల్లవాడు ఏమి చేయును? ప్రశ్నలోని అంకెలను రెంటిని చూచి, ఆ రెండు అంకెలును ఇముడు సూత్రమేదియా యని వెదకును. ఒక అంకె ద్రవ్యరాశి, మరియొకటి ఎత్తు. రెండును చేరిన సూత్రము స్థితిజశక్తిని చెప్పునది. దానిలో వేసి గుణించి, వచ్చిన దానిని వేగమని వ్రాసి, కలము మూసి పెట్టును. అంకెలకు తగిన సూత్రమును వెదకినాడు గాని, కాయ పడుటను వాడొక్క క్షణమైనను మనస్సున చూడలేదు.

చూచినచో ఏమి కనబడును? కాయ జారిపడినదని ప్రశ్న చెప్పుచున్నది. ఎవడును దానిని విసరలేదు. కావున మొదటి వేగము సున్న. ఈ సున్నను ప్రశ్నలో అంకెగా వ్రాయలేదు, "జారిపడినది" అను క్రియలో దాచినారు. రెండవది, పడుచున్న వస్తువునకు భూమి యిచ్చు త్వరణము సెకండునకు సెకండునకు 9.8 మీటర్లు, దీనిని ప్రశ్న చెప్పలేదు, భూమి చెప్పినది. మూడవది ఎత్తు, 20 మీటర్లు. కావలసినది చివరి వేగము. ఇక ఒకటిన్నర కిలోగ్రాములు ఎందులకు? దేనికిని గాదు. వేగమును కనుగొనుటకు బరువుతో నిమిత్తము లేదు. లేత బొండమైనను, ముదురు కాయయైనను, గాలి అడ్డును లెక్కింపకున్నంత కాలము ఒకే వేగముతో పడును. ఇచ్చిన అంకెనెల్ల వాడి తీరవలెనను భ్రమ మన విద్యార్థులను పట్టి పీడించు వ్యాధులలో మొదటిది. ప్రశ్న కూర్చువారికి ఈ వ్యాధి సంగతి బాగుగా తెలియును, కనుకనే అక్కరలేని అంకెనొకదానిని వాకిటనే నిలుపుదురు.

ఇంత తెలిసిన పిమ్మట సూత్రమును వెదకుట కష్టముగాదు: తెలిసినవి మూడు, తెలియనిది ఒకటి, కాలము ఊసే లేదు, కాలము లేని సూత్రము పట్టికలో ఒక్కటియే యున్నది. చివరి వేగము యొక్క వర్గము, మొదటి వేగవర్గమునకు త్వరణమును దూరమును గుణించిన దానికి రెట్టింపును కలిపినంత. రెండు, తొమ్మిది పాయింటు ఎనిమిది, ఇరువది, ఈ మూడింటిని గుణించిన 392. నాలుగువందలకు వర్గమూలము ఇరువది గదా. దీనికి అంతకంటె రవంత తక్కువ, సెకండునకు 19.8 మీటర్లు. దీనిని 3.6 చేత గుణించినచో గంటకు సుమారు 71 కిలోమీటర్లు. అనగా బగాన్ దాతుక్ రోడ్డుమీద చక్కగా పరుగెత్తు మోటారుసైకిలు వేగము. ఇట్లు మనకు పరిచయమైన వేగముతో ఒరసి చూచుట వినోదమునకు గాదు. దశాంశ బిందువు జారి 198 అని వచ్చినచో, ఆ కాయ గంటకు ఏడువందల కిలోమీటర్ల వేగముతో, అనగా విమానముతో పోటీపడుచు వచ్చినదని అర్థము. ఇంతటి వింతను జవాబుగా వ్రాసియు పిల్లవాడు నిశ్చింతగా తరువాతి ప్రశ్నకు పోవుచున్నాడన్నచో, వాడు కాయను ఇంకను చూడలేదన్నమాట.

ఇపుడు మనము ప్రక్కన బెట్టిన ఆ ఒకటిన్నర కిలోగ్రాములను పిలుతము. ప్రశ్న మారినది: ఈ కాయ ఎంత గట్టిగా కొట్టును? ఎత్తున నున్నపుడు దానికిగల శక్తి, ద్రవ్యరాశిని, గురుత్వ త్వరణమును, ఎత్తును గుణించినంత, 294 జౌళ్లు. నేలను తాకినపుడు ఈ శక్తి యంతయు ఎక్కడనో ఖర్చు కావలెను. తోటలోని మెత్తని తడినేల పది సెంటీమీటర్లు క్రుంగి కాయను ఆపినదనుకొందము; శక్తిని ఆ దూరముచేత భాగించినచో సగటు బలము సుమారు మూడువేల న్యూటన్లు, అనగా మూడువందల కిలోగ్రాముల బరువు నొక్కినంత. అదే కాయ సిమెంటు చపటాపై పడి ఒక్క సెంటీమీటరు నొక్కుకొని ఆగినచో, బలము పదిరెట్లు పెరిగి మూడు టన్నుల బరువునకు సమానమగును. కాయ అదే, చెట్టు అదే, శక్తి అదే. ఆగుటకు చిక్కిన దూరము మాత్రము మారినది. తోటపనివారు తలకు పెట్టుకొను టోపీ లోపల పుర్రెకును చిప్పకును నడుమ పట్టీలు, ఖాళీ ఎందులకున్నవో ఈ భాగహారము చెప్పును: ఆ కొలది సెంటీమీటర్ల ఖాళీ ఆగు దూరమును పెంచుటకే. ఆ ఖాళీలో తువాలు కుక్కుకొనుట కొందరికి అలవాటు. వారు ఈ లెక్కను ఒకమారు వేసి చూడవలెను.

ఈ కాయ ఎంతసేపటిలో పడినదని అడుగుట మరచితిమి. రెండు సెకండ్ల కాలము. గెలీలియో మహాశయుడు 1638లో ప్రకటించిన గ్రంథమున పతనవేగమును గూర్చి చెప్పిన ఒక ముచ్చట యిచ్చట జ్ఞాపకము వచ్చును: విడువబడిన వస్తువు సమానమైన కాలఖండములలో పోవు దూరములు ఒకటి, మూడు, ఐదు, ఏడు అను బేసిసంఖ్యల నిష్పత్తిలో నుండును. మొదటి సెకండున కాయ దిగినది 4.9 మీటర్లే, రెండవ సెకండున దానికి మూడింతలు, 14.7 మీటర్లు. కట్టకడపటి అరసెకండులో అది ఎనిమిదిన్నర మీటర్లకు పైగా దూసికొని వచ్చును. పైన చప్పుడై తల యెత్తి చూచువానికి, చూచితినని తెలిసికొనులోపల సగము కాలము గడచిపోవును. అందుచేతనే దోటితో కాయలు కోయువాడు చెట్టు మొదట నిలువక, దోటిని ఏటవాలుగా పట్టి ఎడముగా నిలుచును. గెలీలియో ఈ వేగమును నేరుగా కొలువజాలక, గోళమును వాలుబల్లపై దొర్లించి, పతనమును మందగింపజేసి, పాత్రనుండి కారిన నీటిని తూచి కాలమును కొలిచెను. సెకండ్లముల్లు గడియారము లేని మనుష్యుడు కాలమును తక్కెడలో తూచుట కంటె చమత్కారమైన లెక్క నేను వినలేదు.

ఇక ప్రమాణముల సంగతి. మన తాతలు ఎండుకొబ్బరిని పికుల్ లెక్కన తూచి యిచ్చెడివారు. నూరు కటీలు ఒక పికుల్, అనగా 133 పౌండ్లును, ఇంకను పౌండులో మూడవవంతును. ఒక మనిషి భుజముపై మోయగల బరువని దానికి ప్రసిద్ధి. కిలోగ్రాములలో చెప్పినచో అరువదియును మరి అరయును. అంత బరువును నేడు పామాయిలు గెలల రూపమున ఒంటిచక్రపు తోపుడుబండిలో వేసి, బరువు కేంద్రము ఇరుసునకు 40 సెంటీమీటర్ల దూరమునను, చేతిపిడి 120 సెంటీమీటర్ల దూరమునను ఉండునట్లు పట్టినచో, ఎత్తువాని చేతులకు తగులునది మూడవవంతు, ఇరువది కిలోగ్రాముల పైచిలుకు మాత్రమే. బలమును దూరముచే గుణించి ఇరువైపుల సరిపుచ్చుట తప్ప యిందులో మర్మము లేదు. ఇచ్చట నేను చెప్పదలచినది తోపుడుబండిని గూర్చి గాదు, పికులును గూర్చి. 1970ల దశకమున మలేషియా మెట్రిక్ మానములకు మారినపుడు సంతలో కటీ, కిలో, పౌండు ఒకే దుకాణమున ఒకే నోట పలుకబడెడివి. అట్టి సంధికాలమున అంకె ప్రక్కన ప్రమాణమును వ్రాయకపోవుట ఎంతటి ప్రమాదమో కెనడా దేశస్థులకు తెలిసివచ్చిన వృత్తాంతమొకటి కలదు.

1983 జూలై 23న మాంట్రియల్ నుండి అట్టావా మీదుగా ఎడ్మంటన్ నగరమునకు పోవలసిన ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానమున ఇంధనమును చూపు మీటర్లు పనిచేయలేదు. కావున తొట్టిలో కొలబద్ద ముంచి చూచిరి: 7,682 లీటర్లు. ప్రయాణమునకు కావలసినది 22,300 కిలోగ్రాములు. లీటర్లను కిలోగ్రాములుగా మార్చుటకు కావలసినది మీ పిల్లలు పట్టికలో అన్నింటికంటె తేలికయని నవ్వు సాంద్రతాసూత్రమే. లీటరు ఇంధనము బరువెంతయో చూపు అంకెను తీసికొని గుణించిరి. ఆ అంకె 1.77. ఆ గుణకారమునందు తప్పు లేదు. కాని 1.77 అనునది లీటరునకు ఎన్ని పౌండ్లో చెప్పు అంకె. కిలోగ్రాములకైనచో అది 0.8 మాత్రమే. తొట్టిలో పదమూడువేల ఆరువందల కిలోగ్రాములున్నవని భ్రమించి, ఇరువది వేల లీటర్లకు పైగా పోయవలసిన చోట ఐదువేల లీటర్లయినను పోయకయే ఎగిరిరి. నలుబదియొక్క వేల అడుగుల ఎత్తున, సగము దారిలో, రెండు ఇంజనులును ఆగిపోయినవి. విమాననాయకుడు ఇంజను లేని గ్లైడర్లను నడుపుటయందు అనుభవముగలవాడగుటచేత, గిమ్లీ అను చోట మూలబడిన పాత సైనిక విమానాశ్రయమున, కార్ల పందెములు జరుగుచున్న రన్‌వేమీద దానిని దింపగలిగెను. లోపలివారు 69 మందియు బ్రతికిరి. సూత్రము సరియైనదే, గుణకారము సరియైనదే, సరిచూచుకొన్న మారుకూడ అదే అంకెతో సరిచూచుకొనిరి. ప్రతి అంకె ప్రక్కన పౌండో కిలోయో ఒక్క మాట వ్రాసి, హారమును లవమును కొట్టివేసికొనుచు పోయియుండినచో జవాబు పౌండ్లలో తేలియుండెడిది, ఎవడో ఒకడు నాలుక కరచుకొనియుండెడివాడు.

సగటు వేగమును గూర్చి ఒక్క మాట చెప్పి ముందునకు పోదును. తెలుక్ ఇంతన్‌కు పోవునపుడు గంటకు 60 కిలోమీటర్ల వేగము, వచ్చునపుడు వానచేత 30 కిలోమీటర్ల వేగము; సగటెంత? నలుబదియైదని నోటికి వచ్చును. దూరము 30 కిలోమీటర్లనుకొని వేసి చూడుడు: పోవుటకు అరగంట, వచ్చుటకు గంట, వెరసి గంటన్నరలో 60 కిలోమీటర్లు, సగటు నలుబది. మందగమనమున గడపిన కాలము ఎక్కువ, కావున దాని పలుకుబడియు ఎక్కువ.

ఇవి యన్నియు పాశ్చాత్యుల చదువని, మనకు క్రొత్తవని తలచువారు కొందరు గలరు. క్రీస్తుశకము తొమ్మిదవ శతాబ్దిన రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమును పదునొకండవ శతాబ్దిన పావులూరి మల్లన తెలుగు చేసెను. గణితమును పద్యములలో చెప్పించుకొన్న జాతి మనది. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు కూర్చిన లీలావతిలో నెమలియు పామును గల లెక్క యొకటి చాల ప్రసిద్ధము. తొమ్మిది మూరల స్తంభముపై నెమలి కూర్చున్నది. ఆ స్తంభము మొదట పాము పుట్ట. ఇరువదియేడు మూరల దూరమునుండి పాము పుట్టకు వచ్చుచుండగా నెమలి వాలుగా ఎగిరి దానిని పట్టినది. పుట్టకు ఎంత దూరమున పట్టినది? భుజము, కోటి, కర్ణము చెప్పు న్యాయము తెలిసినవాడు దానిని పట్టుకొని ఎంతసేపు కుస్తీపట్టినను జవాబు రాదు. జవాబునిచ్చు మాట ఆ న్యాయమున లేదు, ప్రశ్నలో నున్నది: రెంటి గమనమును సమానము. వేగము సమానమైనచో, ఒకే కాలమున రెండును పోయిన దూరము సమానము. నెమలి ఎగిరిన కర్ణమెంతో పాము ప్రాకిన నేల అంతే. ఇది రేఖాగణితము గాదు, పదునారణాల భౌతికశాస్త్రము. ఆ యొక్క వాక్యమును గ్రహించిన పిమ్మట పాము 15 మూరలు ప్రాకినదనియు, పుట్టకు 12 మూరల దూరమున చిక్కినదనియు తేలుటకు రెండు పంక్తులు చాలును. నిజమైన నెమలి నిజమైన పాము వెంట అంత మర్యాదగా సమానవేగముతో పోవునా యను ప్రశ్నకు భాస్కరుడు బాధ్యుడు గాడు; ఆయన తన షరతును స్పష్టముగానే చెప్పినాడు. కొబ్బరికాయకు గాలి అడ్డు లేదని మనము చెప్పుకొన్నదియు అటువంటి షరతే.

షరతును మరచినవానిని సూత్రము ఎట్లు మోసగించునో చూపుటకు మన జిల్లాపొరుగుననే ఒక గొప్ప కట్టడమున్నది. అది తెలుక్ ఇంతన్‌లోని ఒరిగిన గోపురము. ఆ పట్టణము తెలుక్ ఆన్సన్ అను పేర నుండినప్పుడు, 1885లో, లియాంగ్ చూన్ చాంగ్ అను చీనా గుత్తదారు కట్టిన ఆ గోపురము ఎత్తు 25.5 మీటర్లు. వెలుపలినుండి ఎనిమిది అంతస్తులని తోచును, లోపల మూడే. పట్టణమునకు నీరు నిలువజేయు తొట్టి పైన, గడియారము దానికిపైన. తొట్టిబరువునకు మెత్తని నేల క్రుంగి గోపురము ఒరిగిపోయినది. తొట్టిని అంత ఎత్తున పెట్టుటలో బుద్ధిలేకపోలేదు: నీటి పీడనము ఎత్తును, సాంద్రతను, గురుత్వ త్వరణమును గుణించినంత; కొళాయికి పదిహేను మీటర్ల పైన నీరున్నచో గాలి పీడనమునకు ఒకటిన్నర రెట్లు బలముతో నీరు చిమ్మును. నేల ఓర్వగల బరువెంత యన్నది వేరు సూత్రము.

ఈ గోపురము ఎత్తును కనుగొనుమని ఫారం ఫోర్ విద్యార్థికి చెప్పినామనుకొందము. రాయి విడిచి కాలము చూతునని వాడనును. మనుష్యులు తిరుగుచోట అట్టి పని కూడదనుట యటుంచి, 2.28 సెకండ్ల పతనమున బొటనవ్రేలు సెకండులో పదియవ వంతు తడబడినచో జవాబులో రెండు మీటర్లకు పైగా తేడా వచ్చును. నీడను కొలుచుట మేలైన పద్ధతి. మహావీరుడును, భాస్కరుడును ఛాయావ్యవహారమని ప్రత్యేక ప్రకరణమే వ్రాసిరి. మీటరు కఱ్ఱను నిట్టనిలువుగా నిలిపినపుడు దాని నీడ 40 సెంటీమీటర్లు, గోపురపు నీడ 10.2 మీటర్లు; త్రైరాశికము వేసినచో 25.5 మీటర్లు తేలును. కాని ఆ 10.2 మీటర్లను ఎక్కడనుండి కొలువవలెను? గోపురము మొదటినుండి గాదు. త్రైరాశికము రెండు నిలువుగీతలకు మాత్రమే చెల్లును. ఇచట ఒకటి ఒరిగియున్నది. కనుక శిఖరమునకు సరిగా క్రింద నేలమీద ఏ బిందువున్నదో దానినుండి నీడకొనవరకు కొలువవలెను. ఆ బిందువు గోడలోపలనే పడును, తలుపు తీయించుకొని లోనికి పోవలసినదే.

వేళ సంగతియు చూడవలెను. ఇది భూమధ్యరేఖకు నాలుగు డిగ్రీల ఉత్తరమున నున్న చోటు. మార్చి మాసాంతమునను, సెప్టెంబరు రెండవ వారమునను మధ్యాహ్నము సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును, కఱ్ఱకు నీడయే యుండదు, సున్నచేత భాగింపవలసివచ్చును. ఆ మధ్యాహ్నమైనను గడియారమున పండ్రెండునకు రాదు, ఒంటిగంట దాటిన పిమ్మట పావుగంటకో ఇరువది నిమిషములకో వచ్చును; 1982 జనవరి 1న మలేషియా ద్వీపకల్పపు గడియారములను అరగంట ముందునకు జరిపినప్పటినుండి మన మధ్యాహ్నము మరింత ఆలస్యమైనది. కావున ఉదయము, ఎండ ఏటవాలుగా నున్నపుడు, కఱ్ఱను కొలుచువాడొకడు, గోపురపు నీడకొనను గుర్తించువాడొకడు, ఇద్దరును ఒకే నిమిషమున కొలువవలెను. సూర్యుడు ఎవనికొరకును ఆగడు. శిఖరమునకు క్రిందిబిందువును కనుగొనుటకు తాపీపనివాని గుండుదారము చాలును. గోపురమెంత ఒరిగినదో తెలిసికొనుటకు వేరే లెక్క అక్కరలేదు: ఆ గుండు చూపిన బిందువునకును గోపురపు అడుగు నడిబిందువునకును గల దూరమును టేపుతో కొలిచి వ్రాసికొనుడు.